తూటాకు బదులా, మాటకు బదులా?

కొత్త ఆయుధం ఏది వచ్చినా పాతదానికన్నా దయగలదన్న పేరుతోనే వస్తుంది. ఉరితాడు క్రూరమైనదని అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం దాని స్థానంలో విద్యుత్ కుర్చీని తెచ్చింది. మనిషి బాధ తెలియకుండా క్షణంలో పోతాడన్నారు. 1890 ఆగస్టులో ఆబర్న్ జైలులో మొదటి ఖైదీని ఆ కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు ఒక్కసారి కరెంటు ఇస్తే ప్రాణం పోలేదు. రెండోసారి ఇవ్వవలసి వచ్చింది. చూడవచ్చినవాళ్ళు నిర్ఘాంతపోయారు. అయినా దయ అన్న మాటకూ విద్యుత్తుకూ ఆనాడు కుదిరిన చుట్టరికం ఇప్పటికీ తెగలేదు.

పోలీసుల చేతికి వచ్చిన విద్యుదాఘాత ఆయుధం కథ కూడా ఆ వరసలోదే. తుపాకీతో కాల్చి చంపేకన్నా మనిషిని కాసేపు కదలకుండా చేసి పట్టుకోవడం మేలు కదా అన్నది దాని పుట్టుకకు చెప్పిన కారణం. ఆ కారణంలో అబద్ధమేమీ లేదు. కత్తి దూసి మీదికి వస్తున్నవాడిని తూటాకు బదులు రెండు తీగలతో ఆపగలిగితే ఒక ప్రాణం నిలిచినట్టే. కాని ఆయుధం ఎందుకు పుట్టిందన్నది ఒక చరిత్ర, దాన్ని ఎవరిమీద వాడారన్నది మరొక చరిత్ర. ఈ రెండూ ఎక్కడ విడిపోయాయో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం. చేతిలో కర్రముక్క కూడా లేనివాడిమీద, ముఖ్యంగా పోలీసు మాట్లాడే భాష రానివాడిమీద, ఆ ఆయుధం ఎలా పనిచేసిందో తెలుసుకోవలసిన అవసరం మనవంటి వారికి కొంచెం ఎక్కువే ఉంది.

ముల్లుగర్ర నుంచి టేజర్ దాకా

ఎద్దులను తోలడానికి మన రైతు ముల్లుగర్ర పట్టాడు. పెద్ద పెద్ద పశువుల మందలున్న అమెరికా ఖండాలలో ఆ కర్రకు కరెంటు తగిలించారు. 1930లలో అర్జెంటీనా పోలీసులు దాన్ని పశువుల నుంచి మనుషుల మీదికి మళ్ళించారు. 'పికానా' అని దానికి అక్కడ పేరు. ఆ స్పానిష్ మాటకు అసలు అర్థం ఎద్దులను పొడిచే కర్రే. 1950లలో అల్జీరియా స్వాతంత్ర్య పోరాటాన్ని అణచడానికి ఫ్రెంచి సైన్యం చేత్తో తిప్పి కరెంటు పుట్టించే చిన్న యంత్రాలను ఖైదీల శరీరాలకు తగిలించింది. 1963లో అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గాడ్స్‌డెన్ పట్నంలో నల్లవారి పౌరహక్కుల ప్రదర్శకులమీద పోలీసులు కరెంటు ముల్లుగర్రలు ప్రయోగించారు. 1965 ఫిబ్రవరిలో అదే రాష్ట్రంలోని సెల్మాలో ప్రదర్శనకు వచ్చిన బడిపిల్లలను ఆ కర్రలతోనే పొడుస్తూ ఊరి బయటికి పరుగెత్తించారు. వాళ్ళ దగ్గర ఆయుధాలేవీ లేవు.

కరెంటుమీద ఇంత మోజు ఎందుకు? లాఠీ దెబ్బ వీపుమీద వాత తేలుతుంది. ఆ వాత న్యాయమూర్తికి చూపించవచ్చు, పత్రికలో ఫొటో వేయించవచ్చు. కరెంటు చాలావరకు ఏ గుర్తూ మిగల్చదు. చిత్రహింసల చరిత్రను పరిశోధించిన దారియుస్ రెజాలి 2007లో వెలువరించిన గ్రంథంలో ఈ విషయాన్నే విస్తారంగా చెప్పాడు. ఆయన వాదన సారాంశం ఇది: పత్రికలు, కోర్టులు, ప్రజలు కనిపెట్టి ఉండే దేశాలలో హింస మానేయరు, గుర్తులు మిగలని పద్ధతులు వెతుక్కుంటారు. ప్రజాస్వామ్యం ఉన్నచోటే ఇలాంటి హింసకు గిరాకీ పెరిగిందన్నది వినడానికి చేదుగా ఉన్నా, కొట్టిపారేయదగిన మాట కాదు.

టేజర్‌ను కనిపెట్టిన జాక్ కవర్‌కు ఈ చరిత్రతో సంబంధం లేదు. ఆయన భౌతిక శాస్త్రజ్ఞుడు. చంద్రమండల యాత్రకు సంబంధించిన అపోలో పథకంలో పనిచేసినవాడు. 1960లలో విమానాల దారిమళ్ళింపులు పెరిగాయి. ఎగిరే విమానంలో తుపాకీ పేలిస్తే అందరి ప్రాణాలకూ ముప్పు. దూరం నుంచి మనిషిని పడగొట్టి, చంపకుండా వదిలే సాధనం కోసం ఆయన ఇంటి దగ్గరే ప్రయోగాలు చేసి 1970లలో ఒక రూపానికి తెచ్చాడు. చిన్నప్పుడు తనకు ఇష్టమైన పిల్లల నవలా నాయకుడు టామ్ స్విఫ్ట్ పేరు, అతని విద్యుత్ తుపాకీ పేరు కలిపి, పొడి అక్షరాలుగా కుదించి 'టేజర్' అని పేరు పెట్టాడు. 1911 నాటి ఆ నవలలో కథానాయకుడు ఆఫ్రికాకు ఏనుగుల వేటకు వెళతాడు. చంపకూడదని కనిపెట్టిన ఆయుధానికి వేట కథ నుంచి పేరు రావడం విచిత్రమే.

మొదటి టేజర్ తీగలను తుపాకిమందుతో విసిరేది. అందుచేత 1976లో అమెరికా ప్రభుత్వం దాన్ని తుపాకుల జాబితాలో చేర్చింది. అమ్మకాలు పడిపోయాయి. 1993లో రిక్ స్మిత్, టామ్ స్మిత్ అనే అన్నదమ్ములు అరిజోనాలో ఒక సంస్థ పెట్టి, కవర్‌ను తోడు తెచ్చుకుని, తుపాకిమందుకు బదులు ఒత్తిడితో నింపిన నైట్రోజన్ వాయువు వాడారు. దాంతో ఆ ఆయుధం తుపాకుల చట్టం పట్టులోంచి బయటపడింది. 1999లో ఒక నమూనా, 2003లో మరింత చిన్నది, తేలికైనది వచ్చాయి. కొన్నేళ్ళలోనే అమెరికాలో వేలాది పోలీసు శాఖల నడుముపట్టీలకు అది చేరింది. టేజర్ ఇంటర్నేషనల్ అనే ఆ సంస్థ 2017లో యాక్సాన్ అని పేరు మార్చుకుంది.

అది పనిచేసే తీరు ఇది. మీట నొక్కగానే చేపల గాలంవంటి రెండు ముళ్ళు సన్నని తీగలతో దూసుకువెళ్ళి ఒంటికి గుచ్చుకుంటాయి. పోలీసులు సాధారణంగా వాడిన తూణీరాలలో ఆ తీగల పొడవు ఏడు నుంచి పది మీటర్ల వరకు ఉండేది. ప్రచారంలో చెప్పే 50,000 వోల్టులు గాలిని, బట్టను దాటడానికి. శరీరంలోకి చేరేసరికి అది బాగా తగ్గిపోతుంది, ప్రవాహమూ స్వల్పమే. కాని సెకనుకు సుమారు 19 విఘాతాల చొప్పున వచ్చే ఆ కరెంటుకు కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుంటాయి. మనిషి నరికిన చెట్టులా పడిపోతాడు. ఒకసారి నొక్కితే అయిదు సెకన్లు. మీట వదలకుండా పట్టుకుంటే ఇంకా సాగుతుంది. ముళ్ళు విసరకుండా ఆయుధం మూతిని నేరుగా ఒంటికి ఆనించే పద్ధతి ఇంకొకటి ఉంది. అందులో మనిషి కదలికలు ఆగిపోవు, నొప్పి మాత్రం కలుగుతుంది. చెప్పినట్టు వినేదాకా నొప్పి పెట్టడమే దాని ప్రయోజనం. ముల్లుగర్రకూ దానికీ తేడా ఏమిటో చెప్పడం కష్టం.

జారిన గీత

టేజర్ తుపాకీకి ప్రత్యామ్నాయమైతే తుపాకీ తీయవలసిన చోటనే దాన్ని తీయాలి. ఆచరణలో ఆ గీత చాలా తొందరగా జారిపోయింది. 1991 మార్చిలో లాస్ ఏంజెలిస్‌లో రాడ్నీ కింగ్ అనే నల్లజాతి యువకుణ్ణి పోలీసులు లాఠీలతో చితకగొట్టిన దృశ్యం ప్రపంచమంతా చూసింది. లాఠీలకు ముందే అతనిమీద టేజర్ ప్రయోగించిన సంగతి చాలామందికి గుర్తులేదు. అతని దగ్గర ఆయుధం లేదు. లాఠీ అవసరం లేకుండా చేస్తుందని చెప్పిన వస్తువు అక్కడ లాఠీకి ముందుమాట అయింది.

2005లో కాలిఫోర్నియాలో కారులో సీటుబెల్టు పెట్టుకోని 21 ఏళ్ళ యువకుణ్ణి ఒక పోలీసు ఆపాడు. అతను చికాకుతో కారు దిగి, తనను తానే తిట్టుకుంటూ, పోలీసుకు ఇరవై అడుగులకు పైగా దూరంలో నిలబడ్డాడు. ఒంటిమీద చొక్కా కూడా లేదు, నిక్కరు మాత్రమే. దాచుకోవడానికి చోటే లేదు. పోలీసు టేజర్ పేల్చాడు. బిగుసుకుపోయిన ఒళ్ళు చేతులు అడ్డం పెట్టుకోలేదు కనుక ముఖం నేలకు కొట్టుకుని నాలుగు పళ్ళు విరిగాయి. 2009 డిసెంబరులో అప్పీలు న్యాయస్థానం అది మితిమీరిన బలప్రయోగమని తీర్పు చెప్పింది. అయితే ఘటన జరిగేనాటికి చట్టం ఇంత స్పష్టంగా లేదన్న కారణంతో ఆ పోలీసు నష్టపరిహారం బాధ్యత నుంచి తప్పించుకున్నాడు. 2006 నవంబరులో లాస్ ఏంజెలిస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో గుర్తింపు కార్డు చూపని ఒక విద్యార్థిమీద పలుమార్లు కరెంటు ప్రయోగించారు. 2007 సెప్టెంబరులో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఒక సెనేటరు సభలో ప్రశ్నలు ఆపని విద్యార్థికీ అదే శాస్తి జరిగింది. ఈ మూడు చోట్లా తుపాకీ తీయవలసిన అవసరం ఏ కోశానా లేదు. టేజర్ లేని రోజుల్లో అయితే ఏం చేసేవారు? మాట్లాడేవారు, కాసేపు ఆగేవారు, ఇద్దరు ముగ్గురు కలిసి రెక్క పట్టుకుని బయటికి నడిపించేవారు. అంటే అక్కడ టేజర్ తూటా స్థానంలోకి రాలేదు. మాట, ఓపిక ఉండే చోటు అది ఆక్రమించింది.

లెక్కలు కూడా ఈ మాటనే చెబుతున్నాయి. 2001 జూన్ నుంచి 2008 ఆగస్టు వరకు అమెరికాలో టేజర్ ప్రయోగం తరువాత మరణించినవారు 334 మంది అని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2008 డిసెంబరు నివేదికలో లెక్క తేల్చింది. వారిలో నూటికి 90 మంది నిరాయుధులు. 2017లో రాయిటర్స్ వార్తాసంస్థ చేసిన పరిశోధనలో ఆ మరణాల సంఖ్య వెయ్యి దాటింది. ఈ మరణాలన్నిటికీ కరెంటే కారణమని ఎవరూ అనలేదు. గుండెజబ్బు, మాదకద్రవ్యాలు, పెనుగులాట వంటి కారణాలను వైద్యులు చాలా కేసులలో రాశారు. కాని చేతిలో ఆయుధం లేని ఇంతమందిమీద, ప్రాణం కాపాడటానికని తెచ్చిన ఆయుధాన్ని ఎందుకు వాడవలసి వచ్చిందన్న ప్రశ్నకు వైద్యుల ధ్రువపత్రాలు సమాధానం కాదు.

వాంకూవర్‌లో ఒక రాత్రి

ఈ వివాదం మొత్తాన్ని ఒక్క సంఘటనలో చూడాలంటే కెనడాలోని వాంకూవర్ విమానాశ్రయానికి వెళ్ళాలి. రాబర్ట్ జెకాన్‌స్కీ పోలండు దేశస్థుడు, వయసు 40. కెనడాలో స్థిరపడిన తల్లి దగ్గర ఉండిపోవడానికి 2007 అక్టోబరు 13 మధ్యాహ్నం ఆ విమానాశ్రయంలో దిగాడు. అంతకుముందు ఎన్నడూ విమానం ఎక్కలేదు. పోలిష్ తప్ప వేరే భాష రాదు. సామాను వచ్చే చోట కలుసుకుందామని తల్లీ కొడుకూ ముందే అనుకున్నారు. ఆ చోటికి బయటివారిని రానివ్వరని ఇద్దరికీ తెలియదు. కొడుకు లోపల, తల్లి బయట. మధ్య ఒక గోడ. ఆమె గంటల తరబడి ఎదురుచూసి, అడిగి, కొడుకు జాడ లేదని విని, రాత్రి పది గంటల ప్రాంతంలో దూరాన ఉన్న తన ఊరికి తిరిగి వెళ్ళిపోయింది. అతను లోపలే ఉన్నాడు.

సుమారు పది గంటలు ఆ మనిషి ఆ భవనంలో తచ్చాడాడు. ఒక పోలిష్ దుబాసీని పిలిపించి నీకేం కావాలని అడిగినవారు లేరు. అర్ధరాత్రి దాటాక కాగితాల పని పూర్తయి బయటి హాలులోకి వచ్చాడు. అప్పటికి తల్లి లేదు. అలసట, భయం, అయోమయం. ఒంటిగంట దాటాక కుర్చీ ఎత్తాడు, ఒక చిన్న బల్లను, కంప్యూటర్‌ను విసిరికొట్టాడు. మనిషిని మాత్రం ఎవరినీ కొట్టలేదు. అక్కడున్న ఒక స్త్రీ దగ్గరికి వెళ్ళి సముదాయించే ప్రయత్నం చేసింది. ఇంగ్లీషు రాదని తోటి ప్రయాణికులు పోలీసులకు చెప్పారు కూడా. నలుగురు పోలీసులు వచ్చారు. అతను వెనక్కు తగ్గి బల్లమీదున్న స్టేప్లర్ అందుకున్నాడు, కాగితాలు కుట్టుకునే స్టేప్లర్. పోలీసులు వచ్చిన సుమారు అర నిమిషంలోనే మొదటి ప్రయోగం జరిగింది. మొత్తం అయిదుసార్లు. అతను అక్కడే ప్రాణం విడిచాడు. అతని శరీరంలో మద్యంగాని మాదకద్రవ్యాలుగాని లేవని శవపరీక్ష తేల్చింది.

పది గంటలు ఒకవైపు, అర నిమిషం ఇంకొకవైపు. పది గంటలలో ఎవరూ చేయని పని, అంటే ఆ మనిషికి అర్థమయ్యే నాలుగు మాటలు చెప్పడం, ఆ అర నిమిషంలో అసాధ్యమైపోయింది. చేతిలో టేజర్ లేకపోతే ఆ నలుగురూ ఏం చేసేవారో ఊహించడం కష్టం కాదు. ఎదుట ఉన్నది ఒక్క మనిషి, చేతిలో ఉన్నది ఒక స్టేప్లర్.

తొలి ప్రకటనలలో పోలీసులు చెప్పిన కథ వేరు. మనిషి తిరగబడ్డాడని, అదుపు చేయడం తప్పలేదని చెప్పారు. కాని అక్కడే ఉన్న ఒక ప్రయాణికుడు ఆ దృశ్యాన్నంతా కెమెరాలో తీశాడు. పోలీసులు ఆ కెమెరా చిత్రాన్ని తీసుకుని తిరిగి ఇవ్వకపోతే అతను న్యాయవాదిని పెట్టుకుని వెనక్కు రప్పించుకున్నాడు. 2007 నవంబరులో దాన్ని ప్రజలు చూశారు. కరెంటు దెబ్బకు వాత తేలదని ముందు చెప్పుకున్నాం. ఇక్కడ శరీరం చెప్పలేని సాక్ష్యం కెమెరా చెప్పింది.

బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం విశ్రాంత న్యాయమూర్తి థామస్ బ్రెయిడ్‌వుడ్‌తో విచారణ జరిపించింది. ఆయన రెండు నివేదికలు ఇచ్చాడు. 2009 నాటి మొదటిది ఆయుధం గురించి, 2010 నాటి రెండోది ఈ మరణం గురించి. ఈ ఆయుధానికి మనిషిని చంపగల శక్తి ఉందని మొదటి నివేదిక స్పష్టం చేసింది. ఎదుటి మనిషి ఎవరికైనా శారీరక హాని చేస్తున్నప్పుడో, తక్షణం చేయబోతున్నప్పుడో తప్ప వాడరాదని, అప్పుడు కూడా మాటలతో శాంతింపజేయడంవంటి తక్కువ మార్గాలు పనికిరావని తేలాకే వాడాలని, అయిదు సెకన్లకు మించకూడదని సూచించింది. రాష్ట్ర ప్రభుత్వం ఆ సిఫారసులన్నిటినీ అంగీకరించింది. తాగుబోతుల కొట్లాటకు పరుగెత్తినట్టు పోలీసులు వచ్చారని, ఎదుట ఉన్నది దిక్కుతోచని ప్రయాణికుడని తెలిశాక కూడా తీరు మార్చుకోలేదని రెండో నివేదిక తప్పుపట్టింది. స్టేప్లర్‌ను చూసి దాడి జరుగుతుందని నిజంగా భయపడ్డామన్న వారి వాదనను న్యాయమూర్తి నమ్మలేదు. ఆ నివేదికకు ఆయన పెట్టిన పేరులో మొదటి మాట 'ఎందుకు?' అన్నదే.

2010లో పోలీసు శాఖ ఆ తల్లికి బహిరంగంగా క్షమాపణ చెప్పింది. విచారణలో అబద్ధపు సాక్ష్యం చెప్పారన్న అభియోగంపై ఆ నలుగురిలో ఇద్దరికి 2015లో జైలుశిక్షలు పడ్డాయి, ఇద్దరు నిర్దోషులుగా బయటపడ్డారు. శిక్షలను 2017లో కెనడా సుప్రీంకోర్టు ఖాయం చేసింది. గమనించవలసింది ఏమిటంటే, శిక్ష పడింది అబద్ధానికి. కరెంటు ప్రయోగించినందుకు ఎవరికీ శిక్ష పడలేదు.

అవతలి పక్షం

పోలీసుల వాదనను పూర్తిగా వినకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు. లాఠీ ఎముకలు విరగ్గొడుతుంది, పెనుగులాటలో ఇద్దరికీ గాయాలవుతాయి, టేజర్ వచ్చాక నిందితుల గాయాలు తగ్గాయని అమెరికాలో 2009లో ప్రచురితమైన ఒక ప్రజారోగ్య పరిశోధన చూపింది. ఆరోగ్యవంతులైన మామూలు మనుషులకు ఒక్క ప్రయోగంవల్ల ప్రాణాపాయం ఎక్కువని చెప్పడానికి నిర్ణయాత్మకమైన ఆధారాలు లేవని అమెరికా న్యాయశాఖకు చెందిన పరిశోధనా సంస్థ 2011లో తేల్చింది. ఆత్మహత్య చేసుకోబోతున్నవారిని, కత్తి పట్టినవారిని ప్రాణాలతో పట్టుకున్న సందర్భాలున్నాయి. ఇవన్నీ నిజాలే.

ఆ నిజాల పక్కనే మరికొన్ని ఉన్నాయి. పోలీసుకు ఎదురయ్యేవాడు ప్రయోగశాలలో ఎంపిక చేసిన ఆరోగ్యవంతుడు కాడు. రోగి కావచ్చు, మతిస్థిమితం తప్పినవాడు కావచ్చు, ముసలివాడు కావచ్చు. ఛాతీకి గురిపెట్టడం మానమని 2009 అక్టోబరులో తయారీ సంస్థే పోలీసులకు సలహా ఇచ్చింది. ఛాతీమీద ప్రయోగిస్తే గుండె ఆగిపోయే అవకాశం ఉందని హృద్రోగ నిపుణుడు డగ్లస్ జైప్స్ 2012లో ఒక ప్రముఖ వైద్య పత్రికలో కేసులతో సహా రాశాడు. అంతకుముందే, 2007 నవంబరులో, ఈ ఆయుధం కలిగించే తీవ్రమైన నొప్పి ఒక రకమైన చిత్రహింసేనని ఐక్యరాజ్యసమితి చిత్రహింసల నిరోధక కమిటీ పోర్చుగల్ విషయంలో వ్యాఖ్యానించింది.

మరణాలను వివరించడానికి పుట్టిన ఒక మాట చరిత్ర కూడా చెప్పుకోవాలి. 'ఎక్సైటెడ్ డెలీరియం' అని పేరు, ఉన్మాద ఉద్రేకం అనుకోవచ్చు. మనిషి తన ఉద్రేకంతో తానే చనిపోయాడని దాని భావం. అమెరికా అత్యవసర వైద్యుల సంఘం 2009లో దాన్ని బలపరిచింది, 2023లో ఆ మద్దతును ఉపసంహరించుకుంది. ఈ మధ్యకాలంలో ఎంతమంది మరణాలు ఆ పేరుతో మూతపడ్డాయో ఆలోచించాలి. దెబ్బ కనిపించకపోవడం మొదటి సౌకర్యమైతే, చావుకు చచ్చినవాడే కారణమనడం రెండో సౌకర్యం.

కెనడా తరువాత కూడా ఇవే ఘటనలు జరిగాయి. 2012 మార్చిలో సిడ్నీలో ఒక బ్రెజిల్ విద్యార్థి వెంటపడి పలుమార్లు ప్రయోగించాక అతను మరణించాడు. 2016 ఆగస్టులో ఇంగ్లండులో మాజీ ఫుట్‌బాల్ క్రీడాకారుడు డేలియన్ అట్కిన్‌సన్ తన తండ్రి ఇంటి ముందు చనిపోయాడు. ఒక పోలీసు 33 సెకన్లపాటు ఏకధాటిగా కరెంటు ఇచ్చి, పడిపోయాక తలమీద తన్నాడు. 2021లో ఆ పోలీసుకు ఎనిమిదేళ్ళ శిక్ష పడింది. అయిదు సెకన్లకని తయారైన ఆయుధం 33 సెకన్లు మోగిందంటే, చేతిలో ఉన్న సాధనం ఎంత మెత్తనిదన్న దానికన్నా చేతికి ఉన్న కట్టుబాటు ఎంత గట్టిదన్నదే ముఖ్యమని అర్థమవుతుంది.

మన సంగతి

మన దేశంలో వీధిలోని పోలీసు చేతిలో కనిపించేది ఇంకా లాఠీయే. లాఠీ ప్రాణాలు తీయదని అనడానికి లేదు. 2020 జూన్‌లో తమిళనాడు సాత్తాన్‌కుళంలో ఒక తండ్రీ కొడుకూ పోలీసు స్టేషనులో తిన్న దెబ్బలతో మరణించారు. 'ప్రాణాంతకం కానిది' అన్న మాటను మనం కూడా విన్నాం. ఆ పేరుతోనే కాశ్మీరులో 2010లో పెల్లెట్ తుపాకులు వచ్చాయి. 2016లో వందలాదిమంది కళ్ళకు గాయాలయ్యాయి. ప్రాణం పోలేదు కనుక పరవాలేదని చూపు పోయినవారికి చెప్పగలమా?

చట్టంలో లోటు లేదు. అరెస్టయిన మనిషిని పారిపోకుండా ఆపడానికి అవసరమైనదానికన్నా ఎక్కువ నిర్బంధించరాదని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చెప్పింది, 2024 జూలైలో అమలులోకి వచ్చిన కొత్త సంహితా అదే చెబుతోంది. 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టుకు సంబంధించి 11 నియమాలు పెట్టింది. 2020 డిసెంబరులో పోలీసు స్టేషన్లలో కెమెరాలు పెట్టమని ఆదేశించింది. చిత్రహింసల నిరోధక ఒడంబడికమీద భారత్ 1997లో సంతకం చేసింది. 2017లో లా కమిషన్ తన 273వ నివేదికలో దాన్ని ధ్రువీకరించమని సిఫారసు చేసినా ఆ పని ఇంకా జరగలేదు.

వీటన్నిటికన్నా మనకు దగ్గరి తీర్పు ఇంకొకటి ఉంది. మహారాష్ట్రలో హరికిసన్ అనే వ్యక్తిని ముందుజాగ్రత్త నిర్బంధ చట్టం కింద పట్టుకుని, కారణాలను ఇంగ్లీషులో రాసి చేతికిచ్చారు. తనకు హిందీయే వచ్చునని, హిందీలో ఇమ్మని అతను అడిగాడు. నోటితో హిందీలో వివరించాం కదా అని ప్రభుత్వం వాదించింది. 1962లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ వాదనను తోసిపుచ్చింది. మనిషికి అర్థమయ్యే భాషలో, అతను చదవగల లిపిలో ఇవ్వకపోతే కారణాలు తెలిపినట్టే కాదని చెప్పి విడుదలకు ఆదేశించింది. ఆ తీర్పు నిర్బంధ పత్రాల గురించే అయినా దాని వెనక ఉన్న సూత్రం పెద్దది. అర్థంకాని భాషలో చెప్పింది, చెప్పనట్టే లెక్క.

ఈ సూత్రాన్ని వీధిలోకి తెచ్చి చూడండి. 'ఆగు', 'చేతులు పైకెత్తు', 'అది కింద పెట్టు' అని పోలీసు అరిచిన భాష ఎదుటివాడికి రాకపోతే, అతను ఆజ్ఞను ధిక్కరించినట్టా, వినపడనట్టా? షోలాపూరు మగ్గాల పేటలలో, హోసూరు, బళ్ళారి, బరంపురం ప్రాంతాలలో తరతరాలుగా ఉంటున్న మనకు ఇరుగుపొరుగు భాష వచ్చు. కాని పనికోసం నిన్నగాక మొన్న ఊరు దాటి వచ్చిన కూలీకి రాదు. మన ఊళ్ళకు వచ్చే ఒడియా, బీహారీ కూలీలకు మన భాష రాదు. రాజ్యాంగం 350వ అధికరణం కష్టం చెప్పుకునే అర్జీని దేశంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చుకునే హక్కు ఇచ్చింది. అర్జీ రాయడానికి తీరిక ఉంటుంది. అర నిమిషంలో ముళ్ళు గుచ్చుకునే ఆయుధం ముందు ఆ తీరిక ఉండదు. భాష రానితనం అక్కడ ఎదురుతిరగడంగా కనిపిస్తుంది. ఆ ఆయుధం పోలీసుకు ఇచ్చే పెద్ద సౌకర్యమే అది: ఎదుటివాడి మాట అర్థం చేసుకోవలసిన శ్రమ తప్పుతుంది.

అందుచేత రేపు ఇలాంటి ఆయుధం మన పోలీసుల చేతికి విరివిగా వస్తే, అది మంచిదా చెడ్డదా అన్న చర్చకు ముందు దేనికి బదులుగా వస్తోందని అడగాలి. తుపాకీకి బదులైతే తుపాకీ కాల్పులు తగ్గినట్టు లెక్క చూపించాలి. ప్రతి ప్రయోగాన్నీ నమోదు చేయాలి, ఎన్ని సెకన్లో రాయాలి, ఎదుటివాడి చేతిలో ఏముందో రాయాలి. దానితోపాటు ఇంకొక గడి కూడా ఆ పత్రంలో ఉండాలి: అతనితో ఏ భాషలో మాట్లాడారు, ఎంతసేపు మాట్లాడారు? ఆ గడి ఖాళీగా ఉంటే ఆ ఆయుధం మాటకు బదులు వచ్చిందని తెలిసిపోతుంది.

మన తీరానికి ఈ ఆలోచన కొత్తది కాదు. చెన్నపట్నంలోనూ యానాములోనూ పరదేశీ దొరలు వర్తకం చేసిన రోజుల్లో ఒక్క బేరమైనా దుబాసీ లేకుండా సాగేది కాదు. లాభం కోసం దుబాసీని పెట్టుకున్న ప్రపంచానికి ప్రాణం కోసం పెట్టుకోవడం భారం కాకూడదు. ఆ పోలిష్ మనిషి పోయిన తరువాత వాంకూవర్ విమానాశ్రయం పరభాషా ప్రయాణికులకు రాత్రింబగళ్ళు సాయం చేసే ఏర్పాట్లు పెంచింది. అవి ఆ రాత్రి ఉండి ఉంటే టేజర్ బయటికి తీయవలసిన అవసరమే వచ్చేది కాదు.